తుపాను రాకముందే మేలుకొనేవారు



2016 జనవరి 19వ తేదీ, మంగళవారము. స్త్రీల కూడిక ముగింపులో ప్రార్థన మనవులు అడుగుచుండగా మా సంఘములోని ఒక తల్లి లేచి నిలువబడినది. "అయ్యగారూ, మా అబ్బాయి వుండే న్యూజెర్సీకి శుక్రవారం రాత్రి మంచు తుపాను వస్తుందంట. రెండడుగులు పడవచ్చని చెప్పుకుంటున్నారంట. ప్రార్థన చేయండి" అని అడిగినది.

వెనుక కూర్చున్న ఒక సహోదరి ఆశ్చర్యపడి, "ఇంకా మూడు రోజులున్నది గదా అక్కా, ఎంత ఎత్తు పడుతుందో కూడా ఇప్పుడే ఎట్లా చెపుతారు?" అన్నది. ఆ తల్లి దగ్గర జవాబు లేదు. మా దగ్గర కూడా లేదు. ప్రార్థన చేసి అందరినీ పంపించాము గాని ఆ ప్రశ్న మాత్రము మా వెంట ఇంటికి వచ్చినది.

ఆ రాత్రి కుమారుడు ఫోను చేసినప్పుడు ఆ తల్లి మమ్మును కూడా మాట్లాడమన్నది. అతడు నవ్వుతూ, "అయ్యగారూ, అమ్మ ఊరికే భయపడుతున్నది. పోయిన ఏడాది కూడా ఇట్లాగే చెప్పి అన్నీ మూసివేయించారు. చివరికి మా వైపు జానెడు కూడా పడలేదు. నేను శుక్రవారం సాయంత్రం పని ముగించుకొని పిట్స్‌బర్గ్‌లో స్నేహితుని ఇంటికి కారులో వెళ్తున్నాను. మా ప్రక్కింటి పెద్దాయన మాత్రం వద్దని పట్టుపడుతున్నాడు. ఆయనకు మంచు పిచ్చి. వారం నుండి సరిగా నిద్ర కూడా పోకుండా ఈ తుపాను కోసమే చూస్తున్నాడు" అన్నాడు.

మంచు పిచ్చి! ఆ మాట మమ్మును విడువలేదు. వచ్చే తుపాను కొరకు నిద్ర మానుకొని కాచుకొనేవారు కూడా వున్నారా? వారు ఎవరు? దేనిని చూస్తారు? ఎందుకు చూస్తారు? నాటి నుండి మేము అడిగి, చదివి తెలుసుకొన్న సంగతులను చదువరులతో పంచుకొనుటకే ఈ వ్యాసము.

మన పొలాల మీది మంచు కాదు

మన ప్రాంతములో మంచు అనగా జనవరి తెల్లవారుజామున పొలాల మీద కమ్ముకొనే పొగమంచు, గడ్డిపరకల మీద నిలిచే నీటి బొట్లు. ఎండ రాగానే అది కనబడదు. అమెరికా దేశపు ఈశాన్య రాష్ట్రాలలో శీతకాలమున పడేది అది కాదు. ఏకిన దూది వలె ఆకాశము నుండి రాలి, నేల మీద అంగుళము తరువాత అంగుళముగా పేరుకొంటుంది. ఒక్కొక్కసారి వాకిలి తలుపు తెరచుకోదు. నిలిపిన కారు ఎక్కడ వున్నదో తెలియదు.

ఈ తుపాను పుట్టుక కొంతవరకు మన అల్పపీడనము వంటిదే. అయితే మన బంగాళాఖాతపు తుపాను వెచ్చని సముద్రజలము నుండి బలము పొందుతుంది. ఆ మంచు తుపాను మాత్రము వేడికి చలికి మధ్యగల భేదము నుండి బలము పొందుతుంది. ఉత్తరమున కెనడా నుండి చల్లని, బరువైన గాలి దిగివస్తుంది. ప్రక్కనే అట్లాంటిక్ సముద్రములో గల్ఫ్ స్ట్రీమ్ అనే వెచ్చని నీటి ప్రవాహము సాగుతూ వుంటుంది. ఈ రెండూ ఎదురుపడే చోట, తరచుగా ఉత్తర కరోలినా రాష్ట్రములోని హాటరస్ అనే కొన దగ్గర, అల్పపీడనము బలపడి తీరము వెంబడి ఈశాన్యముగా నడుస్తుంది. తీరవాసుల మీదికి గాలి ఈశాన్యము నుండి కొడుతుంది గనుక దానిని 'నార్ఈస్టర్' అంటారు. గంటకు 35 మైళ్ల గాలితో, పావు మైలు అవతల ఏమీ కనబడనంతగా మంచు ఎగురుతూ మూడు గంటలు నిలిస్తే దానికి 'బ్లిజార్డ్' అని పేరు.

చూచేవారికి కలిగే చిక్కు ఇక్కడే వున్నది. అల్పపీడనము నడిచే దారి యాభై మైళ్లు పడమరకు జరిగితే సముద్రపు వెచ్చదనము లోనికి చొరబడి, తీరపు నగరాలలో మంచు బదులు వాన పడుతుంది. యాభై మైళ్లు తూర్పుకు జరిగితే మంచంతా సముద్రము పాలవుతుంది. యాభై మైళ్లు అనగా మన విజయవాడ నుండి ఏలూరు దాటి కొంతదూరము పోవుటయే. అంత పెద్ద తుపానుకు అంత చిన్న తేడా!

నిద్ర మానుకొని చూచేవారు

ఈ తేడాను ముందుగా పసిగట్టుటకు వాతావరణ శాఖవారు దినమునకు రెండు మారులు, ప్రపంచమంతటా ఒకే వేళకు, పరికరములు కట్టిన బెలూన్లను ఆకాశములోనికి వదలుతారు. న్యూజెర్సీ శీతకాలపు లెక్కలో అది ఉదయము 7 గంటలు, రాత్రి 7 గంటలు. అవి పైకి పోతూ గాలి వేడిమిని, తేమను, పీడనమును రేడియో ద్వారా క్రిందికి తెలుపుతాయి. ఆ అంకెలతోపాటు ఉపగ్రహములు, ఓడలు, విమానములు పంపే అంకెలను కూడా పెద్ద కంప్యూటర్లలో వేసి, రాబోవు దినములలో గాలి ఎట్లు నడుచునో లెక్క కడతారు. అమెరికావారి లెక్క ఒకటి. ఐరోపాలోని పలు దేశాలవారు కలిసి స్థాపించుకొన్న కేంద్రపు లెక్క మరొకటి.

మంచును ప్రేమించేవారు ఈ లెక్కల కొరకు కాచుకొని వుంటారు. అమెరికావారి రాత్రి లెక్క పదిన్నర ప్రాంతములో బయటికి వస్తుంది. ఐరోపావారిది అర్ధరాత్రి దాటిన తరువాతగాని రాదు. మరునాడు పనికి పోవలసినవారే, అయినా మేలుకొని కూర్చుంటారు. ఇవాళ్టి దారిని నిన్నటి దారితో పోల్చుతారు. "పడమరకు జరిగినదా, తూర్పుకు జరిగినదా?" అని ఒకరినొకరు అడుగుకుంటారు. వారిలో బడిపంతుళ్లు, లారీ డ్రైవర్లు, పదవీ విరమణ చేసినవారు, చదువుకొనే పిల్లలు వున్నారు. ఎవరికీ దీనికి జీతము లేదు. మన పెద్దలు 1977 తుపాను, 1990 తుపాను అని గుర్తుచేసుకొన్నట్లు వారు 1888, 1978, 1993, 1996 మంచులను వరుసగా చెప్పగలరు.

వారికి ఒక శోధన కూడా వున్నది. ఎదుట పది పటములు వుంటే, అన్నిటికంటె ఎక్కువ మంచు చూపే పటమునే నమ్మవలెనని మనస్సు లాగుతుంది. కోరినది జరుగబోతున్నదని అనుకొనుట మానవ స్వభావము. వారిలో అనుభవజ్ఞులు తమను తామే ఈ విషయములో హెచ్చరించుకొంటారు. చూచేవాడు తన కోరికను ప్రక్కన పెట్టకపోతే అతని చూపు చూపు కాదు.

జీతము లేని కొలువు

ఈ ప్రేమ కంప్యూటర్లతో పుట్టినది కాదు. వెర్మాంట్ రాష్ట్రములో జెరికో అనే ఊరిలో విల్సన్ బెంట్లీ అనే రైతు వుండేవాడు. 1865లో పుట్టిన ఆయనకు తల్లి చిన్నతనములోనే ఒక సూక్ష్మదర్శినిని ఇచ్చినది. దానిలో మంచు రేణువును చూచి ముగ్ధుడై, అది కరిగిపోకముందే దాని రూపమును నిలుపవలెనని ఆరాటపడ్డాడు. కెమేరాను సూక్ష్మదర్శినికి బిగించి, 1885 జనవరి 15న మొదటి మంచు రేణువును ఫోటో తీశాడు. ఇరుగుపొరుగువారు ఆయనను వింతగా చూచేవారు. అయినను మానక బ్రదుకు కాలములో 5 వేలకు పైగా రేణువులను ఫోటో తీశాడు. ఏ రెండూ ఒక్క తీరున లేవని ఆయన గమనించాడు. 1931లో ఆయన చిత్రములు పుస్తకముగా వెలువడినవి. ఆ సంవత్సరము డిసెంబరులోనే, మంచు గాలిలో నడచి ఇల్లు చేరి న్యుమోనియా సోకి మరణించాడు.

మరొక రైతు సంగతి వినండి. న్యూయార్క్ రాష్ట్రములో లాంగ్ ఐలండ్ మీద బ్రిడ్జ్‌హాంప్టన్ అనే చోట రిచర్డ్ హెండ్రిక్‌సన్ అనే ఆయన 1930లో, తన 18వ యేట, వాతావరణ శాఖకు స్వచ్ఛందముగా అంకెలు పంపుట మొదలుపెట్టాడు. ఆవులను, కోళ్లను చూచుకొంటూనే దినదినము వేడిమి ఎంత, వాన ఎంత, మంచు ఎంత అని కొలిచి వ్రాసేవాడు. ఇట్లు 80 సంవత్సరములకు పైగా చేశాడు! 2014లో, ఆయనకు నూరేండ్లు దాటిన తరువాత, వాతావరణ శాఖవారు ఆయనను సన్మానించారు. 2016 జనవరిలో, మనము చెప్పుకొంటున్న తుపాను వచ్చిన నెలలోనే, 103 ఏండ్ల వయస్సున ఆయన కన్నుమూశాడు.

ఇట్టి స్వచ్ఛంద పరిశీలకుల ఏర్పాటు అమెరికాలో 1890 నాటి చట్టముతో స్థిరపడినది. వారు వేల సంఖ్యలో వున్నారు. వారిలో రైతులు అనేకులు. 1997 జులైలో కొలరాడో రాష్ట్రపు ఫోర్ట్ కాలిన్స్ నగరములో వరద వచ్చి ఐదుగురు మరణించినప్పుడు, నగరములో ఒక వైపున 14 అంగుళములకు పైగా వాన పడగా మరొక వైపున రెండు అంగుళముల వరకే పడినది. కొలిచే చోట్లు తక్కువైతే ఆపద ఎక్కడ వున్నదో తెలియదని గ్రహించి, మరుసటి సంవత్సరమే సామాన్య ప్రజలచేత కొలిపించే 'కోకోరాస్' అనే ఏర్పాటును అక్కడ ప్రారంభించారు. అది దేశమంతటా వ్యాపించినది.

మంచును కొలుచుట చెప్పినంత సులువు కాదు. గాలికి అది ఒక చోట కుప్పపడి, మరొక చోట నేల బయటపడుతుంది. అందుచేత గాలి తగలని చోట తెల్లరంగు వేసిన చెక్కబల్లను నేల మీద పరచి, దాని మీద పడిన మంచును కొలబద్దతో అంగుళములో పదవ వంతు వరకు కొలుస్తారు. కొలిచిన తరువాత బల్లను తుడిచి మరల పరుస్తారు. ఆరు గంటలకు ఒక్క మారు కంటె ఎక్కువ తుడువరాదు. ఎందుకనగా తాజా మంచు తన బరువుకు తానే అణగుతుంది. మాటిమాటికి తుడిచి కొలిస్తే మొత్తము అబద్ధముగా పెరుగుతుంది. మంచును కరిగించి నీరు ఎంత అన్నది కూడా చూడవలెను. సామాన్యముగా పది అంగుళముల మంచుకు ఒక అంగుళము నీరు వస్తుంది. తడి మంచులో ఇంకా ఎక్కువ, పొడి మంచులో ఇంకా తక్కువ.

ఈ పనిలో గొప్ప పేరు లేదు. చలిలో బయటికి వెళ్లి, వంగి, అంకె చూచి, వున్నది వున్నట్టు వ్రాయుటే. కాని పెద్ద కంప్యూటర్లు చెప్పిన మాట నిజమైనదా కాదా అని తేల్చేది ఈ చిన్న అంకెయే.

చెవిని చేరని హెచ్చరిక

1888 జనవరి 12న అమెరికా మధ్యభాగములోని డకోటా, నెబ్రాస్కా మైదానములలో జరిగిన సంగతిని చదివినప్పుడు మాకు కన్నీరు వచ్చినది. చాల దినముల చలి తరువాత ఆ ఉదయము హాయిగా, వెచ్చగా వున్నది. పిల్లలు బరువైన కోట్లు ఇంటనే వదలి బడికి వెళ్లారు. రైతులు పశువులను బయటికి తోలారు. అంతలో వాయవ్యమునుండి తెల్లని గోడ వలె మంచు గాలి విరుచుకుపడినది. నిమిషములలో చలి గడ్డకట్టించే స్థాయికి దిగినది. చాచిన చెయ్యి కనబడలేదు. ఇంటికి బయలుదేరిన పిల్లలు దారి తప్పారు. సుమారు 235 మంది చనిపోయారని చరిత్రకారులు చెపుతారు. అందులో అనేకులు బడిపిల్లలు గనుక దానికి 'పిల్లల బ్లిజార్డ్' అని పేరు పడినది.

ఆ దినములలో వాతావరణ సూచనలు సైన్యములోని ఒక విభాగము ఇచ్చేది. చలిగాలి వస్తున్నదని వారు తంతి ద్వారా తెలిపారు. కాని తంతి రైల్వే స్టేషను వరకే. అక్కడ ఒక జెండా ఎగురవేస్తారు. స్టేషనుకు దూరముగా మట్టియిండ్లలో వున్న రైతుకు ఆ జెండా ఎట్లు కనబడుతుంది? హెచ్చరిక పుట్టినది గాని చెవిని చేరలేదు.

నెబ్రాస్కాలో మిన్నీ ఫ్రీమన్ అనే యువ ఉపాధ్యాయురాలు తన బడి పైకప్పును గాలి లేపుకొని పోయినప్పుడు, పిల్లలనందరిని ఒక్కచోట చేర్చి, మంచులో నడిపించి, దాపున వున్న ఇంటికి చేర్చినది. ఆమె దగ్గర పటములు లేవు. తనకు అప్పగింపబడిన పిల్లలను విడువని మనస్సు మాత్రము వున్నది.

తప్పిన మాట, ఒప్పుకొన్న మాట

చెవిని చేరిన హెచ్చరికయు తప్పిపోవచ్చును. 1979 ఫిబ్రవరిలో వాషింగ్టన్ నగరమునకు కొద్దిపాటి మంచు అని చెప్పగా 18 అంగుళములకు పైగా పడినది. ఆ ఓటమిని శాస్త్రజ్ఞులు దాచిపెట్టలేదు. ఎక్కడ పొరబడ్డామని సంవత్సరముల తరబడి పరిశోధించారు. ఫలితము 1993 మార్చిలో కనబడినది. మెక్సికో సింధుశాఖలో పుట్టబోయే పెద్ద తుపానును, అది పుట్టకముందే, సుమారు ఐదు దినములు ముందుగా చెప్పగలిగారు. మంచు పడకముందే కొన్ని రాష్ట్రముల గవర్నర్లు అత్యవసర పరిస్థితి ప్రకటించారు. మార్చి 12 నుండి 14 వరకు అది అలబామా నుండి కెనడా వరకు తుడిచిపెట్టినది. దక్షిణాదియైన బర్మింగ్‌హామ్‌లోనే ఒక అడుగు మంచు పడినది. టెనెసీ రాష్ట్రపు లెకాంట్ పర్వతము మీద 56 అంగుళములు. రెండు వందలకు పైగా ప్రాణములు పోయినవి. ముందుమాట లేకపోతే ఇంకెన్ని పోయేవో!

ఇక 2015 జనవరి 26, 27 తేదీలు. న్యూయార్క్ నగరమునకు రెండడుగులు, అంతకు మించి పడవచ్చునని చెప్పారు. చరిత్రలో మొదటిసారిగా మంచు కారణముగా భూగర్భ రైళ్లను ఆపివేశారు. తుపాను కాస్త తూర్పుకు జరిగినది. నగరపు సెంట్రల్ పార్కులో 9.8 అంగుళములే పడినవి. ఫిలడెల్ఫియా, న్యూజెర్సీ వైపు మరీ తక్కువ. అదే తుపాను బోస్టన్ నగరములో 24.6 అంగుళములు కురిపించినది! అయితే న్యూయార్క్‌వాడు బోస్టన్ సంగతి చూడడు గదా. తన వాకిలి చూచుకొని నవ్వుతాడు.

న్యూజెర్సీలోని మౌంట్ హోలీ కార్యాలయపు అధికారి గ్యారీ జట్కోవ్‌స్కీ ఆ రాత్రి దేశమంతా చూచుచుండగా క్షమాపణ కోరాడు. ఎవరో అడిగినందుకు కాదు. సాకులు చెప్పలేదు. మేము సేవకులము కూడా ఆయన దగ్గర నేర్చుకోవలసినది వున్నది. ప్రసంగ వేదిక మీద నుండి మాటలాడుట తేలిక. మాట తప్పినప్పుడు అదే వేదిక మీద నుండి ఒప్పుకొనుట అంత తేలిక కాదు.

మా సంఘపు తల్లి కుమారుడు ఫోనులో నవ్వినది ఈ 2015 సంగతిని తలచుకొనియే. ఒకసారి తప్పిన మాట రెండవసారి నిజమైన మాటను కూడా చులకన చేస్తుంది. కావలి కాచేవానికి ఇంతకంటె పెద్ద కష్టము లేదు.

ఆ శుక్రవారము

తరువాత ఆ అబ్బాయి మాతో చెప్పిన సంగతులు ఇవి. గురువారము సాయంత్రము ప్రక్కింటి పెద్దాయన తలుపు తట్టాడట. చేతిలో పటములేమీ లేవు. "పోయిన ఏడు మేము పొరబడ్డాము, నిజమే. అప్పుడు లెక్కలు ఒకదానితో ఒకటి పొసగలేదు. ఈసారి ఐదు దినముల నుండి అన్నీ ఒక్క మాట మీద వున్నవి. నీవు వెళ్లదలచిన కొండదారి మరీ ప్రమాదము. నా మాట తప్పైతే ఆదివారము వచ్చి నన్ను ఎగతాళి చెయ్యి. నిజమైతే నీవు నా ఎదుట బ్రతికి వుండవలెను గదా" అన్నాడట. అదే రాత్రి తల్లి ఫోనులో ఏడ్చినది. ఆ రెండు మాటలు కలిసి అతనిని ఆపినవి.

శుక్రవారము, జనవరి 22 రాత్రి, పెన్సిల్వేనియా కొండలలో పిట్స్‌బర్గ్ వైపు పోయే పెద్ద రహదారి మీద లారీలు ఎక్కుడు ఎక్కలేక నిలిచిపోయినవి. వాటి వెనుక ఐదు వందలకు పైగా వాహనములు చిక్కుకొన్నవి. అనేకులు ఒక రాత్రి, ఒక పగలు, మరల రాత్రి కూడా ఆ మంచులోనే గడిపారు. ఆ చిక్కుబడినవారిలో వాషింగ్టన్ నుండి తిరిగివచ్చే క్రైస్తవ యువకులు బస్సులలో వున్నారు. వారు రహదారి ప్రక్కన మంచునే పేర్చి బలిపీఠము కట్టుకొని ఆరాధన చేసుకొన్నారు. పత్రికలలో ఆ చిత్రము చూచి మేము దేవుని స్తుతించాము. ఆ అబ్బాయి వెళ్లదలచినది ఆ దారినే. ఆ వేళకే.

ఆ తుపానులో సెంట్రల్ పార్కులో మొదట లెక్కించినది 26.8 అంగుళములు. 2006 నాటి రికార్డుకు అంగుళములో పదవ వంతు మాత్రమే తక్కువ. తరువాత లెక్కలు మరల పరిశీలించి 27.5 అని సవరించారు. 1869 నుండి వ్రాస్తున్న ఆ పార్కు లెక్కలలో అది అన్నిటికంటె ఎక్కువ. వాషింగ్టన్ విమానాశ్రయములో కొలిచేవారికి తమ తెల్లబల్ల మంచులో ఎక్కడ కూరుకుపోయినదో తెలియక వేరే విధముగా కొలువవలసి వచ్చినది. వారు చెప్పిన 17.8 అంగుళముల మీద దేశములో పెద్ద చర్చయే నడచినది. చూడండి, కొలత నమ్మకముగా వుండుటకు ఎంత జాగ్రత్త కావలెనో!

ఇంకొక సంగతి. తుపానుకు రెండు దినముల ముందు, బుధవారము సాయంత్రము, అదే వాషింగ్టన్‌లో ఒక్క అంగుళము కూడా లేని మంచు పడినది. రోడ్ల మీద ఉప్పు చల్లలేదు. పలుచని మంచు గడ్డకట్టి నగరమంతా గంటల తరబడి నిలిచిపోయినది. పెద్దదాని కొరకు ఎదురుచూచేవారిని చిన్నది పడగొట్టినది. మన ఆత్మీయ జీవితములో కూడా ఇట్లే జరుగుట లేదా?

ఆదివారము ఉదయము గాలి ఆగినది. ఆ పెద్దాయన మోకాళ్లు దాటిన మంచులో నడచి తన కొలత తీసి వ్రాసుకొన్నాడు. ఆ తరువాత ఇంటింటికి వెళ్లాడు. మంచు ఎత్తుటలో గుండె ఆగి మరణించేవారు ప్రతి తుపానులోను వుంటారు గనుక ముసలివారిని పార ముట్టవద్దని చెప్పాడు. కారులో వెచ్చదనము కొరకు ఇంజను వేసుకొనేవారితో, ముందు పొగగొట్టము చుట్టూ మంచు తీయండని చెప్పాడు. అది మూసుకుపోతే వాసన లేని విషవాయువు లోనికి చేరి నిద్రలోనే ప్రాణము తీస్తుంది. మా అబ్బాయి పార పట్టుకొని ఆయన వాకిలి శుభ్రము చేశాడు. ఎగతాళి చేయుటకు మాత్రము వెళ్లలేదు.

మనకు ఏమి చెప్పుచున్నది?

మన యిండ్ల మీద మంచు పడదు. కాని తుపానులు మనకు కొత్తవా? 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో సుమారు పదివేల మంది పోయారు. ఆనాడు తీరమునకు హెచ్చరిక చేరిన తీరు వేరు, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నమును తాకిన నాటికి చేరిన తీరు వేరు. దినముల ముందే దారి తెలిసినది, లక్షల మందిని తరలించారు. ఇంతటి నష్టములోను ప్రాణములు చాలమట్టుకు నిలిచినవి. అయినను నేటికిని "పోయినసారి కూడా ఇట్లాగే చెప్పారు" అని ఇల్లు కదలనివారు మన ఊళ్లలో వున్నారు.

ప్రియులారా, యోబు గ్రంథము 38వ అధ్యాయములో దేవుడు యోబును మంచు యొక్క నిధులను గూర్చి ప్రశ్నించిన సంగతి మనము ఎరుగుదుము. ఆ నిధులను తెరచువాడు ఆయనే. బెంట్లీ తీసిన 5 వేల చిత్రములు ఆ నిధిలో పిడికెడు కూడా కావు. అయితే చూడవద్దని దేవుడు చెప్పలేదు. లూకా సువార్త 12వ అధ్యాయములో ప్రభువు, పడమట మబ్బును చూచి వానను ముందుగా చెప్పేవారి నేర్పును తప్పుపట్టలేదు. ఆకాశమును చదువగలిగినవారు తమ యెదుటనున్న కాలమును ఎందుకు చదువలేదని అడిగాడు. యెహెజ్కేలు 33వ అధ్యాయములో కావలివానికి అప్పగించిన పని, ఖడ్గము వచ్చుట చూచినప్పుడు బూర ఊదుట. చూచి ఊరకుండుట కావలి కాదు.

ఆ పెద్దాయన క్రైస్తవుడో కాదో మేము అడుగలేదు. కాని కావలివాని పని ఆయన దగ్గర స్పష్టముగా చూచాము. మొదటిది, ఎవరు మెచ్చినా మెచ్చకున్నా దినదినము చూచుట. రెండవది, తన కోరికను గాక వున్నదానినే వ్రాయుట. మూడవది, తప్పినప్పుడు ఒప్పుకొనుట. నాలుగవది, తెలిసినదానిని తన దగ్గర వుంచుకొనక తలుపు తట్టి చెప్పుట. మంచును ప్రేమించుటలో ఆయన పొరుగువానిని మరువలేదు.

మన సంఘములలో కూడా తట్టవలసిన తలుపులు వున్నవి. త్రాగుడులో ఇల్లు కూలుచున్న సహోదరుడు, అప్పుల ఊబిలో దిగుచున్న రైతు, బడి మానిన బిడ్డ. వచ్చే తుపాను మనకు కనబడుచునే వున్నది. "చెపితే ఏమనుకుంటారో" అని ఊరకుంటున్నాము. ఒకసారి చెప్పి నవ్వులపాలైతే మరల చెప్పుట మానుచున్నాము. మేము కూడా ఇట్లు మానిన సందర్భములు వున్నవని దేవుని యెదుట ఒప్పుకొనుచున్నాము.

ఊరిలో తుపాను హెచ్చరిక వినబడినప్పుడు ఆలయపు గంటను మ్రోగించండి. మైకులో చెప్పండి. వినికిడి లేని ముసలివారి ఇంటికి ఒక యువకుని పంపండి. హెచ్చరిక నిజము కాకపోతే, బ్రతికి వున్నందుకు దేవుని స్తుతించండి. చెప్పినవానిని నిందింపకండి. ఎందుకనగా మరుసటిసారి కూడా అతడే చెప్పవలెను.

ఆ తరువాతి మంగళవారపు కూడికలో ఆ తల్లి మరల లేచినది. "మా అబ్బాయిని ఆపిన ఆ పెద్దాయన కొరకు ప్రార్థన చేయండి అయ్యగారూ. ఆయన పేరు కూడా మా వాడు సరిగా చెప్పలేకపోయాడు" అన్నది. మేము పేరు తెలియకుండానే ప్రార్థించాము. దేవునికి తెలుసును.

మేలుకొని చూచేవారిని, చూచినది చెప్పేవారిని, చెప్పినది వినేవారిని ప్రభువు ఆశీర్వదించును గాక. ఆమేన్.